సాంచాల ఊళ్లో ఫ్రెంచి: నిత్యం వాడే మాటలు ఆన్‌లైన్‌లో నేర్చుకునే దారి

ఫ్రెంచివాళ్లు రోజూ మాట్లాడుకునే మాటలు అనుకున్నంత ఎక్కువేమీ కావు. 1950ల మొదట్లో జార్జ్ గూజెనైమ్ అనే భాషావేత్త, ఆయన సహచరులు మామూలు మనుషుల సంభాషణలను టేపుల మీద రికార్డు చేసి, ఏ మాట ఎన్నిసార్లు వస్తోందో లెక్క తీశారు. విదేశీయులకు ముందుగా ఏం నేర్పాలో తేల్చడం వాళ్ల ఉద్దేశం. ఆ పనిలోంచి పుట్టిన తొలి మెట్టు పదావళి దాదాపు 1,500 మాటలే.

ఆ లెక్కలో వాళ్లకు ఒక చిక్కు ఎదురైంది. వెళ్లు, చెయ్యి, ఉంది, కావాలి వంటి మాటలు ఎవరి నోట విన్నా వస్తూనే ఉన్నాయి. ప్రతి ఇంట్లో ఉండే ఫోర్కు లాంటి వస్తువుల పేర్లు మాత్రం ఎక్కడోగాని తగల్లేదు. వస్తువు పేరు దాని ప్రసక్తి వచ్చినప్పుడే నోటికి వస్తుంది, కానీ ఆ ఒక్కసారి అది లేకపోతే పని ఆగిపోతుంది. అందుకని వాళ్లు బడిపిల్లలను కూర్చోబెట్టి, వంటిల్లు, బట్టలు, ప్రయాణం అంటూ ఒక్కో విషయం ఇచ్చి, తట్టిన మాటలన్నీ రాయించారు. నిత్య వ్యవహారంలోని మాటలు రెండు రకాలని అప్పుడు స్పష్టమైంది. మొదటి రకం అందరికీ ఒకటే. రెండో రకం ఎవరి బతుకును బట్టి వారిది.

ఆన్‌లైన్‌లో దొరికే జాబితాలు చాలావరకు ఈ తేడాను పట్టించుకోవు. జంతువులు, రంగులు, పండ్లు అంటూ మొదలవుతాయి. సాంచాల (మరమగ్గాల) ఊరైన భివండిలో ఉండే కుర్రవాడు కరెంటు పోయిందని చెప్పడం నేర్చుకోకముందే జిరాఫీ పేరు నేర్చుకుంటాడు. కరెంటును ఫ్రెంచిలో కూరాఁ అంటారు, కరెంటు పోయింది అనడానికి ‘ఇల్ న్యా ప్లూ ద కూరాఁ’ అంటారు. సాంచాల ఊళ్లో ఈ వాక్యం జిరాఫీ కన్నా ఎన్నో రెట్లు పనికొస్తుంది. కాబట్టి మొదటి రకం మాటలను ఏదైనా మంచి పాఠం నుంచి తీసుకున్నా, రెండో రకం జాబితాను నేర్చుకునేవారు తమ దినచర్య నుంచి తామే రాసుకోవాలి. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా చేసే పనులు, పట్టుకునే వస్తువులు, అడిగే ప్రశ్నలు ముందు తెలుగులో కాగితం మీద పెట్టి, ఆ తరవాతే వాటికి ఫ్రెంచి వెతకాలి.

(ఈ అధ్యాయంలో ఫ్రెంచి మాటలన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి. ముక్కుతో పలికే అచ్చుల పక్కన అరసున్న పెట్టడం జరిగింది. ఇది దారి చూపడానికి మాత్రమే. అసలు ఉచ్చారణ చెవితో పట్టుకోవాల్సిందే.)

చెవికి ముందే తెలిసినవి

కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గం పని వెంట వెళ్లి స్థిరపడిన పద్మశాలీలు భివండిలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. పద్మనగర్ వాళ్ల పేట. అక్కడ పెరిగిన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కార్యాలయాల్లో మరాఠీ, పక్క కార్ఖానాలో ఉర్దూ వినిపిస్తాయి. వీటిలో ఒకటో రెండో బడిలో నేర్చినవి, మిగతావి వింటూ, తప్పులు పలుకుతూ, అవసరం కొద్దీ అబ్బినవి. ఫ్రెంచి నేర్చుకునేటప్పుడు ఈ ఆస్తిని లెక్కలోకి తీసుకోవాలి. పరాయి భాషను తెలుగు, ఇంగ్లీషు అనే రెండింటితోనే పోల్చుకునేవారికి అడ్డుపడే చిక్కులు కొన్ని భివండివాళ్లకు అడ్డేకావు.

మొదటిది ముక్కు అచ్చులు. తెలుగులో ఇప్పుడు అవి దాదాపు లేవు. హిందీ ‘హాఁ’, ‘కహాఁ’, ‘మైఁ’ సరిగ్గా పలికే నోటికి ఫ్రెంచి ‘ఆఁ’, ‘ఓఁ’, ‘ఏఁ’ కొత్తవి కావు. చివర ‘న్’ అనో ‘మ్’ అనో నాలుకను తాకించకుండా ఉంటే చాలు. ‘బోఁజూర్’ అన్నప్పుడు బోన్ అని వినపడితే ఆ పలుకు ఇంకా తెలుగు పలుకే.

రెండోది ఫ్రెంచి ‘ర’. అది నాలుక కొనతో కాక గొంతు లోపలి నుంచి వస్తుంది. పుస్తకాలు దీన్ని పుక్కిలింతతో పోల్చి వదిలేస్తాయి. ఉర్దూ బాగా మాట్లాడేవారు ‘గరీబ్’, ‘గలత్’ అన్నప్పుడు మొదట్లో వచ్చే గరగర ధ్వని దానికి చాలా దగ్గర. భివండిలో ఆ ధ్వనిని వినని చెవి ఉండదు. ఆ ‘గ’ను పట్టుకుని, దాన్ని మెత్తబరిస్తే ‘మెర్సీ’లోని ‘ర్’ వస్తుంది.

మూడోది లింగభేదం. ఫ్రెంచిలో బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవారికి ఇది వింతగా తోస్తుంది. ‘రోటీ ఖాయీ’, ‘పానీ పియా’ అని తేడా చేసేవారికి, మూడు లింగాల మరాఠీతో రోజూ మెలిగేవారికి వస్తువులకు లింగం ఉండడం మామూలే. అయితే హిందీ లింగం ఫ్రెంచికి సరిపోదు. ప్రతి నామవాచకాన్నీ ముందుండే ‘ల’ లేదా ‘లా’తో కలిపే జ్ఞాపకం పెట్టుకోవాలి. ‘తాబ్ల్’ అని ఒంటరిగా నేర్చుకున్న మాటను ‘లా తాబ్ల్’గా మార్చుకోవడానికి తరవాత రెట్టింపు శ్రమ పడుతుంది.

ఇక తెలుగే నేరుగా సాయపడే చోట్లు రెండున్నాయి. ‘తూ’ అంటే నువ్వు, ‘వూ’ అంటే మీరు. ‘వూ’ బహువచనానికీ గౌరవానికీ ఒకటే, అచ్చం మన ‘మీరు’ లాగే. దుకాణదారుతో, పరిచయం లేని పెద్దలతో, అధికారితో ‘వూ’ తప్పనిసరి. రెండోది సంధి. ఫ్రెంచిలో మాట చివరి హల్లు సాధారణంగా పలకదు, కానీ తరవాతి మాట అచ్చుతో మొదలైతే ఆ హల్లు లేచి దానితో కలిసిపోతుంది. ‘వూ’ పక్కన ‘ఆవే’ చేరితే ‘వూజావే’ అవుతుంది. అమ్మ, ఇచ్చింది కలిసి ‘అమ్మిచ్చింది’ అయ్యే భాషలో పుట్టినవారు మాటల మధ్య కలయికకు బెదరక్కర్లేదు. ఫ్రెంచి వాక్యాలు చెవికి ఒకే మాటలా వినిపించడానికి కారణం ఈ కలయికే అని తెలిస్తే సగం భయం పోతుంది.

ఈ భాషలన్నిటికీ కొత్తదైన అచ్చు ఒకటి ఉంది. ‘తూ’లోని ఆ ధ్వనిలో పెదవులు ‘ఊ’కి ముడుచుకుంటాయి, లోపల నాలుక ‘ఈ’ చోట ఉంటుంది. తెలుగు, హిందీ, మరాఠీ, ఉర్దూ ఏవీ దీన్ని నేర్పవు. ‘ఈ’ అంటూ సాగదీసి, నాలుక కదపకుండా పెదవులను మాత్రమే ముడవడం దీనికి సాధన. దీన్ని మొదటి వారంలోనే పట్టుకోవాలి, ఎందుకంటే ‘వూ’, ‘తూ’ రెండింట్లో అచ్చు ఒకటే అనిపించినంతకాలం విన్నది కూడా తికమకగానే ఉంటుంది.

కార్ఖానాలో ఉన్న ఫ్రెంచి

సాంచాల పనిలో ఉన్నవారి నోట ఫ్రెంచి మాటలు ఇప్పటికే ఉన్నాయి. జకార్డు అనేది లియోన్ నగరపు జోసెఫ్ మారీ జకార్ పేరు. రంధ్రాలు పెట్టిన అట్టలతో పడుగు దారాలను ఎత్తిదించే ఆయన యంత్రం 1804 నాటిది. ఆ లియోన్ పట్టు నేతగాళ్లే కూలి రేట్ల కోసం 1831లోనూ 1834లోనూ తిరగబడ్డారు. ఫ్రెంచిలో జకార్ పేరు చివర ‘డ్’ పలకదు. నూలు సన్నదనాన్ని చెప్పే డెనియర్ ఫ్రెంచిలో ‘దనియే’, ఒకప్పటి చిన్న నాణెం పేరు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. జార్జెట్ ఒక ఫ్రెంచి దర్జీ పేరు మీద వచ్చింది. వాయిల్ ‘వ్వాల్’, అంటే ముసుగు. క్రేపు, సాటిన్, బాబిన్ కూడా ఆ భాషవే.

ఈ పరిచయం ధైర్యమిస్తుంది, అక్కడక్కడా మోసమూ చేస్తుంది. మనం షిఫాన్ అనే బట్టను ఫ్రెంచివాళ్లు ‘మూస్లీన్’ అంటారు. వాళ్ల ‘షిఫోఁ’ అంటే బల్ల తుడిచే పాతగుడ్డ. కూపన్ అన్న మాటకు ఫ్రెంచిలో టికెట్టు ముక్క అన్న అర్థంతో పాటు కట్‌పీస్ అన్న అర్థమూ ఉంది. బట్టల ఎగుమతి సంస్థలో ఉద్యోగం చూస్తున్నవారు ఇలాంటి మాటలను ఒకటికి రెండుసార్లు నిఘంటువులో సరిచూసుకోవాలి. మాటల రాకపోకలు ఒకవైపే జరగలేదన్నదీ గుర్తుంచుకోదగ్గదే. మన దేశపు అద్దకం బట్టలను ఫ్రెంచిలో ‘ఏఁద్యెన్’ అనేవారు. వాటి మోజు అక్కడి నేతపనిని దెబ్బతీస్తోందని 1686 నుంచి 1759 దాకా ఫ్రాన్సు వాటిని నిషేధించింది.

పనికి చెందిన మిగతా మాటలను ఒక గుంపుగా నేర్చుకోవచ్చు. దారం ‘ఫీల్’, బట్ట ‘తిస్సూ’, పడుగు ‘షెన్’, పేక ‘త్రామ్’, నాడె ‘నావెత్’, నేతగాడు ‘తిస్రాఁ’. విమానాశ్రయంలో అటూ ఇటూ తిరిగే బస్సునూ నావెత్ అనే అంటారు. ఒక్క మాటకు రెండు చోట్ల పని దొరికిందంటే అది మరింత గట్టిగా నిలుస్తుంది. దారం చుట్టూ అల్లుకున్న నుడికారాలు ఫ్రెంచిలో ఎన్నో. దారం పోగొట్టుకోవడం అంటే మాట మధ్యలో ఏం చెబుతున్నామో మరచిపోవడం. మళ్లీ పురిపెట్టమని దారం ఇవ్వడం అంటే ఎదుటివాణ్ణి ముప్పుతిప్పలు పెట్టడం. తెల్లదారంతో కుట్టింది అంటే ఇట్టే బయటపడే బూటకం. నేతవాళ్ల ఇంట పుట్టినవారికి ఇవి విడమరచి చెప్పకుండానే అందుతాయి. అయినా నుడికారాలు మొదటి నెలల పని కాదు. వినగానే అర్థమైతే చాలు, వాడే తొందర వద్దు.

మాట కాదు, పూర్తి పలుకు

విడి మాటల కన్నా పూర్తి పలుకులు త్వరగా పనికొస్తాయి. ‘సా వా?’ అంటే ఎలా ఉన్నారు, ఎట్ల నడుస్తుంది. జవాబు కూడా అదే, స్వరం మాత్రం దిగుతుంది. ‘సా మార్ష్’ అంటే నడుస్తుంది. యంత్రం నడుస్తోందనడానికీ, సరే అలాగే కానిద్దాం అనడానికీ అదే పలుకు. సాంచాకూ ఒప్పందానికీ నడవడం అనే క్రియనే వాడే తెలుగువారికి ఇది వెంటనే అతుకుతుంది. ‘జ వూద్రే’ అంటే నాకు కావాలి, మర్యాదగా. దాని పక్కన ఏ వస్తువు పేరైనా పెట్టొచ్చు. ‘సే కోఁబ్యేఁ?’ ధర అడుగుతుంది. ‘ఇల్యా’ ఉంది అని చెబుతుంది. ‘దకోర్’ సరే అంటుంది.

మర్యాద పలుకుల్లో ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఫ్రాన్సులో దుకాణంలో అడుగుపెట్టగానే ముందు ‘బోఁజూర్’ అనాలి, సాయంత్రమైతే ‘బోఁస్వార్’. అది లేకుండా నేరుగా ధర అడిగితే వాళ్లకు అది మొరటుతనం. మన వైపు చిరునవ్వుతోనో తల ఊపుతోనో సరిపోయే చోట అక్కడ నోటిమాట ఉండి తీరాలి. ఫోనులో మాట్లాడే ఉద్యోగాలకు వెళ్లేవారికి ఇది వ్యాకరణం కన్నా ముఖ్యం.

మాట అర్థం కానప్పుడు గట్టెక్కించే పలుకులు మూడు. ‘జ న కోఁప్రాఁ పా’ అంటే అర్థం కాలేదు. ‘ప్లూ లాఁత్‌మాఁ, సీల్ వూ ప్లే’ అంటే దయచేసి ఇంకాస్త మెల్లగా. ‘కొమాఁ ఓఁ దీ సా ఆఁ ఫ్రాఁసే?’ అంటే దీన్ని ఫ్రెంచిలో ఏమంటారు. ఈ మూడూ నోటికి వచ్చిన రోజు నుంచి ఎదుటి మనిషే గురువవుతాడు.

అంకెలు అరవై తొమ్మిది దాకా తిన్నగా నడుస్తాయి. డెబ్బై అరవై-పది, ఎనభై నాలుగు-ఇరవైలు, తొంభై నాలుగు-ఇరవైలు-పది. ఇరవైకి ఒక కోడీ అని లెక్కించే పాత హిందీ పద్ధతి విన్నవారికి ఇది మరీ విడ్డూరం కాదు. బెల్జియం, స్విట్జర్లాండుల్లో డెబ్బై, తొంభైలకు తిన్నని మాటలే ఉన్నాయి. ఫ్రాన్సులో ఫోను నంబరును రెండేసి అంకెలుగా చదువుతారు, కాబట్టి తొంభై ఏడు చెవిన పడగానే రాసుకోగలిగేలా తర్ఫీదు కావాలి. ఇంట్లోవాళ్ల ఫోను నంబర్లను ఫ్రెంచిలో చదవడం దీనికి మంచి అభ్యాసం.

పుస్తకాల ఫ్రెంచికీ నోటి ఫ్రెంచికీ దూరం ఉంది. ‘జ న సే పా’ (నాకు తెలియదు) అని రాసేది మాటల్లో ‘షే పా’గా కుదించుకుపోతుంది. మేము అనే ‘నూ’ బదులు రోజువారీ మాటల్లో ‘ఓఁ’ వాడతారు. గ్రాంథికం చదివి వీధిలో వ్యావహారికం మాట్లాడే సమాజానికి ఈ దూరం కొత్త కాదు. పలకడం నిండు రూపంతో మొదలుపెట్టి, కుదించిన రూపాన్ని వినడానికి మాత్రం మొదటి నుంచీ అలవాటు పడాలి.

ఆన్‌లైన్‌లో ఏది ఎందుకు

సాధనాలకు కొదవ లేదు. చాలామంది నష్టపోయేది పది యాప్‌లు ఎక్కించుకుని దేనిలోనూ కుదురుగా ఉండకపోవడం వల్లే. ఒక్కో పనికి ఒక్కటి చాలు.

ఉచ్చారణ వినడానికి ఫోర్వో ఉంది. అక్కడ ఒక్కో మాటను నిజమైన మనుషులు పలికి పెట్టారు. వరసగా పాఠాలకు టీవీ5మోంద్ వారి ఉచిత పాఠాలు మేలైనవి. చిన్న వీడియోలు, వాటి మీద అభ్యాసాలు ప్రారంభ మెట్టైన ఏ1 నుంచి బీ2 స్థాయి దాకా ఉన్నాయి. కొంత పట్టు దొరికాక ఆర్‌ఎఫ్‌ఐ రేడియో వారి ‘సులువైన ఫ్రెంచిలో వార్తలు’ రోజూ పది నిమిషాలు వినొచ్చు. విన్నదాని పాఠం రాతలోనూ దొరుకుతుంది. డ్యూలింగో ఆటలా రోజూ కూర్చోబెడుతుంది. ఆ అలవాటు మంచిదే, కానీ అది ఇచ్చే పాయింట్లను భాషగా లెక్కించకూడదు.

గుర్తుంచుకోవడమే అసలు సమస్య. 1885లో జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, మరపు మొదటి గంటల్లోనే ఎక్కువగా జరుగుతుందని, తరవాత నెమ్మదిస్తుందని చూపించాడు. మరచిపోబోయే ముందు మళ్లీ ఒకసారి గుర్తు తెచ్చుకుంటే ఆ మాట అంతకంతకూ ఎక్కువ కాలం నిలుస్తుంది. అంకీ అనే యాప్ ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉచితం. చీటీకి ఒక వైపు ఫ్రెంచి వాక్యం ధ్వనితో సహా, రెండో వైపు తెలుగు పెట్టుకోవాలి. తెలిసిన మాట రోజులు, వారాలు ఆగి వస్తుంది, తప్పిన మాట ఆ పూటే మళ్లీ వస్తుంది. ఎవరో తయారు చేసిన వేల చీటీల కట్టను దించుకోవడం కన్నా, రోజుకు ఐదారు చీటీలు సొంతంగా రాసుకోవడం మంచిది. రాయడమే సగం నేర్వడం. ఫ్రెంచి అక్షరాల మీది గుర్తులకు ఫోనులో ఫ్రెంచి కీబోర్డు కలుపుకోవాలి. గుర్తు మారితే ఒక్కోసారి మాటే మారుతుంది.

అనువాద యాప్‌తో జాగ్రత్త అవసరం. తెలుగు నుంచి ఫ్రెంచికి మార్చేటప్పుడు మీరు, నువ్వుల తేడా ఒక్కోసారి తప్పిపోతుంది. వచ్చిన ఫ్రెంచిని తిరగేసి హిందీలోకి మార్చి చూస్తే ఆప్, తుమ్‌ల దగ్గర పొరపాటు కొన్నిసార్లు పట్టుబడుతుంది.

వేళ కుదుర్చుకోవడం సాంచాల ఊళ్లో తేలిక కాదు. చాలా కార్ఖానాల్లో పాళీ పన్నెండు గంటలు. మోతలో పక్కవాడి మాటే వినపడదు, సైగలతో పని నడుస్తుంది. అక్కడ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం ప్రమాదం, ప్రయోజనమూ లేదు. పనిలో ఉన్నప్పుడు నోటితో సాధన చేయొచ్చు. ఆ మోతలో బిగ్గరగా పలికినా ఎవరికీ వినపడదు కాబట్టి సిగ్గుపడేవారికి అది మంచి చోటు. వినే పని పాళీకి ముందో తరవాతో పావుగంట పెట్టుకోవాలి. కల్యాణ్‌కో ఠాణేకో కాలేజీకి, ఉద్యోగానికి వెళ్లేవారికి రోడ్డు మీద ట్రాఫిక్‌లో గడిచే సమయం వినడానికే కేటాయించదగ్గది. ఒకే ఐదు నిమిషాల ముక్కను వారమంతా వినడం, రోజుకొక కొత్త ముక్కను వినడం కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది. పాళీ రాత్రికి మారిన వారం కొత్త మాటలు ఆపేసి, పాత చీటీలు తిప్పుకుంటే చాలు. పూర్తిగా వదిలేస్తే మాత్రం పేరుకుపోయిన చీటీలను చూసి యాప్ తెరవడమే మానేస్తారు.

మనిషితో మాట్లాడటం, పరీక్ష

యాప్‌తో నేర్చిన మాట మనిషి ముందు బయటకు రావాలంటే మనిషితోనే మాట్లాడాలి. భాషలు ఇచ్చిపుచ్చుకునే టాండెమ్, హెలోటాక్ వంటి యాప్‌లు ఉన్నాయి. వాటిలో ఇంటి చిరునామా, ఫొటోలు, డబ్బు వివరాలు ఎవరికీ ఇవ్వకూడదు. ముఖాలు చూపకుండా మాట మాత్రమే మాట్లాడే పద్ధతితో మొదలుపెట్టడం ఆడపిల్లలకే కాదు అందరికీ క్షేమం. ఇంట్లో ఇద్దరు కలిసి నేర్చుకుంటే ఇంకా మంచిది. అక్కాతమ్ముళ్లు అన్నం దగ్గర నీళ్లు, ఉప్పు ఫ్రెంచిలో అడుక్కుంటే అవే నిత్య వ్యవహారపు మాటలవుతాయి. తెలుగువారికి ఫ్రెంచితో ఇంటి అనుబంధం లేకపోలేదు. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి మారిషస్ చేరిన తెలుగువారి సంతతి ఈనాడు మాట్లాడే క్రియోల్ భాషలో మాటలు ఎక్కువభాగం ఫ్రెంచి నుంచి వచ్చినవే.

ఎంత కాలం పడుతుందన్న ప్రశ్నకు నిజాయితీగల జవాబు నెలల్లోనే ఉంటుంది. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు ఫ్రెంచి నేర్పడానికి 30 వారాల పూర్తికాలపు తరగతులు పెడుతుంది. ముప్పై రోజుల్లో అనర్గళంగా మాట్లాడిస్తామని డబ్బు అడిగే ప్రకటనలను ఆ లెక్క పక్కన పెట్టి చూడాలి. అలాంటివాళ్లు ఇచ్చే ధ్రువపత్రాలకూ ఉద్యోగాల దగ్గర విలువ తక్కువ.

విలువ ఉన్నది ఫ్రాన్సు విద్యాశాఖ ఇచ్చే డెల్ఫ్. ఏ1, ఏ2, బీ1, బీ2 అని మెట్లున్నాయి, ఒకసారి ఉత్తీర్ణులైతే ఆ పత్రానికి గడువు లేదు. ముంబయిలో అలియాన్స్ ఫ్రాఁసేజ్ ద బొంబాయి ఈ పరీక్షలు జరుపుతుంది. ఏ1 పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం మీద 50 రావాలి, ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. మాట్లాడే భాగంలో తన గురించి చెప్పుకోవడం, ప్రశ్నలు అడగడం, దుకాణంలో సరుకు కొంటున్నట్టు సంభాషణ నడపడం ఉంటాయి. మొదటి నెలల్లో నేర్చుకున్న ‘బోఁజూర్’, ‘జ వూద్రే’, ‘సే కోఁబ్యేఁ’ అక్కడ నేరుగా మార్కులు తెస్తాయి. కెనడా కేంద్ర ప్రభుత్వ పథకాల కింద వలస దరఖాస్తు పెట్టేవారికి మాత్రం డెల్ఫ్ సరిపోదు. వాళ్లు టెఫ్ కెనడా లేదా టీసీఎఫ్ కెనడా రాయాలి, వాటి ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. కాబట్టి ఏ పరీక్షకు వెళ్లాలో బీ1 స్థాయికి చేరేలోపు తేల్చుకుంటే రుసుము వృథా కాదు.